పిస్తోలు పేటిక – సముద్రగర్భ మార్గము

పాండవులు అజ్ఞాతవాసమునకై విరాటనగరము చేరుచు, తమ ఆయుధములను మూటగట్టి జమ్మిచెట్టుపై దాచిరన్న కథ మన పల్లెలలో చదువురానివారికిని తెలిసినదే. ఏడాది గడచిన పిమ్మట ఉత్తరకుమారుడు ఆ చెట్టెక్కి మూట విప్పును. ఈ విల్లెవరిది, ఈ కత్తి యెవరిది అని ఒక్కొక్కదానిని చూపి అడుగును. బృహన్నల వేషముననున్న అర్జునుడు ఒక్కొక్క ఆయుధమునకు యజమాని పేరును, దాని పూర్వవృత్తాంతమును చెప్పును. పోరు సాగుచున్నప్పుడు చేతిలోని ఆయుధమును గూర్చి యోచించుటకు ఎవరికిని తీరిక యుండదు. దాచియుంచిన ఆయుధమును విప్పి చూచినప్పుడే, దీనిని ఎవరు చేసిరి, ఎవరు కొనిరి, ఏ భయమున కొనిరి అను ప్రశ్నలు పుట్టును.

అట్టి దాపుడు ఆయుధము నొకదానిని ఇచట విప్పి చూతము. ఇంగ్లండు దేశపు ప్రదర్శనశాలలలోను, పాతవస్తువులను సేకరించువారి యిండ్లలోను కనబడు చెక్కపెట్టె యిది. విక్టోరియా రాణి 1837 మొదలు 1901 వరకు పరిపాలించెను. ఆ కాలమున, ముఖ్యముగా 1850కిని 1870కిని నడుమ, సైన్యాధికారులు కొనుక్కొన్న రివాల్వరు పిస్తోలు ఈ పెట్టెలో నుండును.

పెట్టె ఓకు కర్రతోగాని మహాగని కర్రతోగాని చేసినది. మూతపై చిన్న ఇత్తడిరేకు పొదిగియుండును. యజమాని పేరును, అతని పటాలమును దానిపై చెక్కించుట వాడుక. మూత తెరచినచో లోపల మెత్తని ఉన్నిగుడ్డ పరచియుండును. తయారుచేసిన దుకాణమువారి అచ్చుచీటీ మూతలోపలి వైపున అంటించియుండును. గుడ్డపరచిన భాగమును పలుచని చెక్కలతో అరలుగా విభజించిరి. ఒక అరలో పిస్తోలు. ఒక అరలో తుపాకిమందు పోసికొను రాగిబుడ్డి. ఒకదానిలో సీసము కరగించి గుండ్లు పోసికొను అచ్చు. మరియొకదానిలో రాగిటోపీల డబ్బీ. ఆపైన నూనెబుడ్డి, గొట్టమును తుడుచు కడ్డీ, మరలు విప్పు సాధనము. ఏ వస్తువునకు ఆ వస్తువు కొలతకే అర తీర్చియుండుటచేత, ఒక్కటి తప్పిపోయినను ఖాళీ అర వెంటనే కన్నులకు కనబడును. దస్తరములో కాగితము కరవైనప్పుడు కట్ట వదులగుటవలె ఆ లోపము దాగదు.

ఇన్ని వస్తువులు ఏల? ఆనాటి పిస్తోలు తయారైన తూటాలను ఇరికించి కాల్చునది కాదు. దానికి నడుమ గుండ్రని ఇనుపదిమ్మె కలదు. దిమ్మెలో అయిదో ఆరో గదులుండును. ప్రతిగదిలోను మందు పోసి, గుండును అదిమి, వెనుకనున్న చిన్న మొనకు రాగిటోపీ తొడుగవలెను. మీట నొక్కినప్పుడు గుర్రము టోపీపై పడును, టోపీ మండును, మందు అంటుకొనును, గుండు వెడలును. దిమ్మె ఒక గది మేర తిరిగి రెండవ గుండు గొట్టమున కెదురుగా వచ్చును. అన్నియు కాల్చిన పిదప మరల నింపుటకు పట్టుకాలము యుద్ధరంగమున ఒక యుగము. కావున ఒక్కసారి నింపిన అయిదు గుండ్లే అధికారి ఆయువునకు హామీగా నుండెను.

ఆ చిన్నపెట్టెలో మన దేశమునకును భాగము కలదు. తుపాకిమందు నూరు పాళ్ళలో 75 పాళ్ళు సూరేకారము. తక్కినది 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకము. ఇంగ్లండుకు చేరిన సూరేకారములో ఎక్కువభాగము చాలకాలము బీహారు నుండియే ఈస్టిండియా కంపెనీ ఓడలపై వెడలెను. అచ్చటి నూనియా కులమువారు ఊరిగోడలచెంతనున్న ఉప్పుమట్టిని త్రవ్వి, నీట కడిగి, కాచి దానిని తీసెడివారు. టోపీలోని మండు పదార్థమును తుపాకికి ఉపయోగించు విధమును కనుగొన్నవాడు ఫోర్సైత్ అను స్కాట్లండు దేశపు మతాచార్యుడు. చెకుముకిరాయి తుపాకి పేలుటకుముందు మెరుపు చూచి పక్షులు ఎగిరిపోవుచున్నవని, వేటయందు మక్కువగల ఆయన ఆలోచించి 1807లో దీనికి పేటెంటు పొందెను. బాతుల వేటకై పుట్టిన ఉపాయము ఏబదియేండ్లలో మనుష్యుల వేటకు వచ్చెను.

పిస్తోలును అధికారి తన సొమ్ముతో ఏల కొనవలెనని సందేహము కలుగవచ్చును. బ్రిటిషు సైన్యమున సామాన్య సిపాయికి తుపాకిని ప్రభుత్వమిచ్చును. అధికారియో తన దుస్తులు, కత్తి, గుర్రము, పిస్తోలు తానే సమకూర్చుకొనవలెను. ఉద్యోగమును సైతము కొనుక్కొను ఆచారము 1871 వరకు కాల్బలమునందును, ఆశ్వికదళములందును ఉండెను. సామాన్య కాల్బలమున చిట్టచివరి అధికారిపదవి యగు ఎన్సైనుకు ప్రభుత్వము నిర్ణయించిన వెల 450 పౌనులు. లెఫ్టినెంటు కర్నలు పదవికి 4,500 పౌనులు. ఫిరంగిదళమునందును, ఇంజనీర్ల దళమునందును మాత్రము ఈ క్రయవిక్రయము లేదు. గుండు దూరమును, వంతెన బరువును లెక్కకట్టవలసిన పనికి సొమ్ము చాలదు, చదువు కావలెనని వారును గ్రహించిరి. ఈ విషయము ముందు చెప్పబోవు కథకు ముఖ్యము.

రివాల్వరును వ్యాపారయోగ్యముగా చేసి ప్రఖ్యాతి తెచ్చినవాడు సామ్యుయేల్ కోల్టు అను అమెరికా దేశస్థుడు. అతడు 1835లోనే ఇంగ్లండులో పేటెంటు పొందెను. 1851లో లండను నగరమున స్ఫటికభవనమను గాజుమేడలో జరిగిన మహాప్రదర్శనమునకు తన పిస్తోళ్లను తెచ్చి వరుసగా నిలిపెను. అదే ప్రదర్శనములో రాబర్టు ఆడమ్సు అను లండను తుపాకిపనివాడు తన పిస్తోలును పెట్టెను. జనులు రెంటిని పోల్చి చూచిరి. పత్రికలలో వాదములు చెలరేగెను.

ఆ వాదమును తెలిసికొనుట కష్టము కాదు. కోల్టు పిస్తోలును కాల్చవలెనన్నచో ప్రతిసారియు బొటనవ్రేలితో గుర్రమును వెనుకకు లాగవలెను. పిదప మీటను తేలికగా తాకిన చాలును. చేయి కదలదు, గురి తప్పదు, కాని ఆలస్యము. ఆడమ్సు పిస్తోలునకు గుర్రమును లాగు పట్టు లేదు. మీటను గట్టిగా నొక్కినచో దిమ్మె తిరిగి, గుర్రము లేచి, తానే పడును. అయిదుసార్లు నొక్కిన అయిదు గుండ్లు క్షణములో వెడలును. కాని ఆ బలమైన నొక్కుటకు చేయి కదలి దూరపు గురి తప్పును. ఆడమ్సు చట్రమును, గొట్టమును ఒకే ఇనుపముద్దగా సాగగొట్టించుటచేత దాని గట్టిదనము మెండు. అతని గుండును పెద్దది. అధికారులు ఎక్కువగా కొన్న రకములో ఒక పౌను సీసముతో 54 గుండ్లు పోయవచ్చును. కోల్టు నౌకాదళపు రకముననో అదే పౌనునకు ఎనుబదికి పైగా గుండ్లు వచ్చెడివి. ఒకదానికి గురి, ఒకదానికి వడి. రెండును ఒకచోట లేవు.

1854లో ఇంగ్లండు, ఫ్రాన్సు, తురుష్కులు ఒకవైపును, రష్యా మరియొక వైపును నిలిచి క్రిమియా యుద్ధము జరిగెను. ఆ యేట నవంబరు 5వ తేదీన ఇంకర్మాను గుట్టలపై దట్టమైన మంచులో పోరు సాగెను. ఎదుటివాడు నాలుగడుగుల దూరమునకు వచ్చువరకు కనబడడు. 88వ పటాలమునకు చెందిన క్రాసు అను అధికారి ఎట్లో రష్యనుల నడుమ చిక్కుకొనెను. అతనికడ ఆడమ్సు పిస్తోలు ఉండెను. పిమ్మట అతడు ఆడమ్సునకు వ్రాసిన జాబు ప్రచురింపబడినది. శత్రువులు కొలది గజముల దూరముననే యుండిరనియు, ప్రతిసారియు గుర్రమును లాగవలసివచ్చినచో తన ప్రాణము దక్కెడిది కాదనియు, నాలుగవవానిని కాల్చిన వెంటనే తన తొడలో బాయినెట్టు దిగినదనియు అందలి సారము.

దుకాణదారులకు ఈ జాబు గొప్ప ప్రకటన యయ్యెను. అయినను వ్యాపారమును తొలగించి చదివినచో, ఆ జాబులో ఒక మనిషి భయమున్నది. మంచులో తన చుట్టునున్న నలుగురును తనవలెనే ఒక తల్లి బిడ్డలు. వారి చేతులలో బాయినెట్టులున్నవి, వారి అధికారి ఎక్కడనో తప్పిపోయినాడు. ఆ నలుగురి కథను వ్రాసినవారు లేరు. బ్రతికినవాడే జాబు వ్రాసెను.

ఆ క్రిమియా యుద్ధములోనే పనిచేసిన మరియొక యువకుడు ఈ సమస్యను ఇంజనీరు దృష్టితో చూచెను. అతని పేరు ఫ్రెడరిక్ ఎడ్వర్డు బ్లాకెట్ బోమాంటు. 1833లో జన్మించెను. రాయల్ ఇంజనీర్లను దళమున అధికారి. అనగా సొమ్ముతో గాక చదువుతో పదవి పొందినవాడు. గురికి ఒక పిస్తోలును, వడికి ఒక పిస్తోలును ఏల యుండవలెనని అతడు యోచించెను. ఆడమ్సు పిస్తోలు లోపలి యంత్రమును మార్చి, గుర్రమునకు బొటనవ్రేలి పట్టు చేర్చెను. తీరిక యున్నప్పుడు గుర్రమును లాగి నిదానముగా గురిచూడవచ్చును. శత్రువు మీదపడినప్పుడు మీటనే నొక్కి వరుసగా కాల్చవచ్చును. 1856 ఫిబ్రవరి 20వ తేదీన దీనికి పేటెంటు లభించెను. అప్పటికి అతని వయస్సు 22 సంవత్సరములు. అదే యేట బ్రిటిషు సైన్యము బోమాంటు–ఆడమ్సు పిస్తోలును స్వీకరించెను. లండనులో కర్మాగారము పెట్టియుండిన కోల్టు అదే కాలమున దానిని మూసికొని తన దేశమునకు మరలెను. నేటికిని లోకమునందలి రివాల్వర్లలో పెక్కింటికి ఈ రెండు విధముల కాల్పును కలదు.

1856 మార్చిలో క్రిమియా యుద్ధము ముగిసెను. సంధి జరిగెనుగదా, ఇక ఆ పిస్తోలుతో పని యేమి యనుకొనుటకు వీలులేకపోయెను. మరుసటి యేడే, 1857 మే నెలలో, మీరటులో సిపాయిలు తిరుగబడిరి. అట్లు ఈ క్రొత్త ఆయుధము చూచిన తొలి మహాసంగ్రామము మన భారతభూమిపైననే జరిగెను. బోమాంటు స్వయముగా ఆ తిరుగుబాటును అణచుటకు వచ్చిన సేనలలో పనిచేసెను. అతని పేటెంటును, అతడును ఒకే సముద్రము దాటి వచ్చిరి.

ఆ కాలపు ముచ్చట నొకదానిని జార్జి ఫాస్బరీ అను బ్రిటిషు సైన్యాధికారి తరువాత చెప్పియున్నాడు. పిస్తోలు గురిలో తనకు సాటిలేదని గర్వించు ఒక అధికారిమీదికి కత్తి దూసి ఒక సిపాయి వచ్చెను. అధికారి చేతిలో నున్నది చిన్నగుండ్ల కోల్టు పిస్తోలు. అతడు గురి తప్పక కాల్చెను. ఆరు గుండ్లలో అయిదు సిపాయి రొమ్మునకు తగిలెను. అయినను సిపాయి నిలువక వచ్చి, ఒక్క వ్రేటుతో అధికారిని నరికివేసెను. చిన్నగుండు పనికిరాదు, పెద్దగుండు కావలెనని చెప్పుటకు ఫాస్బరీ ఈ కథ చెప్పెను. తుపాకిశాస్త్రమున అది సరియైన పాఠమే కావచ్చును. కాని మన దేశస్థుడు చదివినప్పుడు దానిలో మరియొక అర్థము తోచును. రొమ్మున అయిదు గుండ్లు దిగినను అడుగు వెనుకకు వేయని ఆ మనిషి యెవరు? ఏ యూరివాడు? పిస్తోలు పెట్టెపై ఇత్తడిరేకు కలదు, దానిపై పేరు కలదు. ఆ సిపాయి పేరు ఆ కథలో లేదు. ఆయుధముల చరిత్రలో ఇది సాధారణ ధర్మము: వస్తువు మిగిలినవాని పేరు మిగులును.

తిరుగుబాటు అణగిన పిమ్మట ప్రభుత్వము ప్రజలనుండి ఆయుధములను రాబట్టుటకు పూనుకొనెను. 1878లో లిట్టను ప్రభువు రాజప్రతినిధిగా నుండగా వచ్చిన ఆయుధముల చట్టము ప్రకారము భారతీయుడు తుపాకి యుంచుకొనవలెనన్నచో లైసెన్సు కావలెను. ఐరోపావారికి ఆ నిబంధన లేదు. అడవిపందులకును, పులులకును పైరును పశువును కోల్పోవు రైతు అర్జీ పట్టుకొని నిలువవలెను. దొరగారి పెట్టె మాత్రము బల్లపై తెరచియుండును. 1887లో చెన్నపట్టణమున జరిగిన కాంగ్రెసు మహాసభ ఈ చట్టమును గూర్చి చర్చించి, దానిని సవరింపవలెనని తీర్మానించెను. తుపాకులపై ప్రీతిచేత కాదు. ఒకే దేశమున ఒకనిని నమ్మి మరియొకనిని నమ్మకుండుట అవమానమని.

ఇంతవరకు చెప్పినదే అయినచో బోమాంటును తుపాకిపనివారి జాబితాలో చేర్చి విడువవచ్చును. కాని ఆ మనిషి బుద్ధి పిస్తోలుతో ఆగలేదు. 1862లో అమెరికా అంతర్యుద్ధము జరుగుచుండగా అతడు అచ్చటికి పోయి, థాడియస్ లో అను నతడు నడుపుచుండిన సైన్యపు బెలూనులను పరీక్షించి చూచెను. ఇంగ్లండునకు మరలి, ఆకాశమునుండి శత్రువు జాడ కనుగొనుటకు ఆ బెలూనులు మన సైన్యమునకును కావలెనని తోటి ఇంజనీరు గ్రోవరుతో కలిసి వాదించెను. 1868 నుండి 1880 వరకు దక్షిణ డర్హాము నియోజకవర్గమునుండి పార్లమెంటు సభ్యుడుగా నుండెను. గనులలో రాతిని తొలుచుటకు వజ్రపు మొనలుగల యంత్రములను ప్రచారమునకు తెచ్చెను. పిస్తోలులో దిమ్మెను త్రిప్పిన చేయియే ఇప్పుడు రాతిలో మొనను త్రిప్పెను.

అతని మనస్సునకు అన్నింటికంటె పెద్దపని పిమ్మట వచ్చెను. ఇంగ్లండునకును ఫ్రాన్సునకును నడుమ సన్నని సముద్రపుపాయ కలదు. డోవరు కడ దాని వెడల్పు ఇరువదిమైళ్ళకు కొంచెము మించియుండును. దాని అడుగున సొరంగము త్రవ్వి రెండు దేశములను రైలుమార్గముతో కలుపవలెనని ఎందరో తలపోసిరి. 1875లో బోమాంటు సొరంగమును త్రవ్వు యంత్రమునకు పేటెంటు పొందెను. 1880లో థామస్ ఇంగ్లిషు అను మరియొక ఇంజనీరు అధికారి దానిని మెరుగుపరచెను. ఇరువురి పేర్లతోను ఆ యంత్రము ప్రసిద్ధికెక్కెను. దాని తల గుండ్రముగా తిరుగుచు ఏడడుగుల వ్యాసముగల బిలమును సుద్దరాతిలో తొలుచును. దానిని నడుపునది ఆవిరి కాదు. భూగర్భమున బొగ్గుపొగ నిండినచో పనివారు బ్రతుకరు. కావున పైనుండి గొట్టములద్వారా అదిమిన గాలిని పంపి దానితోనే యంత్రమును త్రిప్పిరి. యంత్రమును నడిపి వెలువడిన ఆ గాలియే పనివారు పీల్చుకొనుటకును ఉపకరించెను.

రైలుకంపెనీ అధ్యక్షుడగు సర్ ఎడ్వర్డు వాట్కిను ప్రోత్సాహమున డోవరు చెంత షేక్స్పియరు కొండక్రింద పని సాగెను. ఫ్రాన్సు తీరమున సాంగాట్టు కడనుండియు అట్టి యంత్రముతోనే త్రవ్విరి. రెండువైపుల నుండియు ఒక్కొక్క మైలునకు మించి సొరంగము ముందునకు జరిగెను. రాయి మెత్తనిది, నీటి ఊట స్వల్పము, యంత్రము చక్కగా నడచెను. ఇంజనీర్లు సాధ్యమని నిరూపించినట్లే.

అప్పుడు పని ఆగెను. ఆపినది రాయి కాదు, సముద్రము కాదు. సర్ గార్నెట్ వుల్స్లీ మొదలగు సేనానాయకులు అడ్డుతగిలిరి. ఆ మార్గమున ఏదోయొకనాడు ఫ్రెంచిసేన దూరి ఇంగ్లండును పట్టుకొనునని వారి భయము. సముద్రమే మన కోటగోడ, దానికి కన్నము వేయరాదని పత్రికలు ఘోషించెను. 1882లో ప్రభుత్వము పని నిలిపించెను. సైన్యాధికారి చేసిన యంత్రమును సైన్యాధికారుల భయమే ఆపినది. ఆ సొరంగభాగములో చాలవరకు సుద్దరాతిలో నేటికిని నిలిచియున్నది. మరల రెండు దేశములును పూనుకొని త్రవ్వి, రైలుమార్గమును ప్రారంభించినది 1994 మే 6వ తేదీన.

ఈ రెండు తేదీలను ప్రక్కప్రక్కన వ్రాసి చూడవలెను. బోమాంటు పిస్తోలునకు పేటెంటు లభించిన యేటనే రాజ్యము దానిని కొనెను. బోమాంటు యంత్రము త్రవ్విన మార్గమును రాజ్యము ఆపిన నాటినుండి అట్టి మార్గము తెరచుటకు 112 సంవత్సరములు పట్టెను. చేసినవాడు ఒక్కడే, బుద్ధి ఒక్కటే. ఒకే తిరుగుడు, ఒకే ఉక్కు, ఒకే లెక్క. ఒకటి దగ్గరకు వచ్చిన మనిషిని చంపుటకు, ఒకటి దూరమున నున్న మనిషిని దగ్గరకు తెచ్చుటకు. రాజ్యము మొదటిదానికి క్షణమైనను జాగుచేయలేదు. రెండవదానికి నూరేండ్లకు పైగా వెనుకాడెను. కావున తప్పు యంత్రముమీదను, దానిని చేసినవానిమీదను మోపి ఊరకుండరాదు. కొనువాడు దేనిని కోరుచున్నాడో అదియే అంగడిలో ముందుగా అమ్ముడుపోవును.

ఆ కాలపు సైన్యపు ఇంజనీర్లందరికిని ఈ గతియే పట్టలేదు. గోదావరి నీరు త్రాగు ప్రాంతములవారికి ఆ విషయము చెప్పనక్కరలేదు. సర్ ఆర్థరు కాటను మద్రాసు ఇంజనీర్ల దళపు అధికారి. అతడును యుద్ధము ఎరుగనివాడు కాడు. మొదటి బర్మాయుద్ధమున పనిచేసినవాడు. కాని 1847లో ఆరంభించి 1852లో ధవళేశ్వరపు ఆనకట్టను ముగించెను. కాటనును, బోమాంటును ఇరువురును 1899లోనే మరణించిరి. కాటనునకు ఆనకట్ట కట్టుటకు అనుమతియు ధనమును దొరకెను, కట్టెను, దాని ఫలము లక్షల ఎకరములలో పండెను. బోమాంటు మార్గము మైలు దూరమున ఆగిపోయెను. లోకమున బోమాంటు పేరు నిలిచినది ఎక్కువగా పిస్తోలుమీదనే. ఎవనికైనను తాను చేసిన పనులలో ఏది నిలువవలెనో నిర్ణయించు అధికారము సంపూర్ణముగా తన చేతిలో ఉండదు. లోకము ఏది అడిగినదో అదియు ఆ లెక్కలో చేరును.

పిస్తోలుపెట్టె సంగతి యేమయ్యెను? పదిపన్నెండేండ్లలోనే దానికి కాలము చెల్లెను. మందు, గుండు, టోపీ మూడును ఒక్కటిగా ఇమిడిన ఇత్తడితూటాలు వచ్చెను. 1860ల చివరనే బ్రిటిషు సైన్యము తూటాల రివాల్వరును స్వీకరించెను. అప్పటినుండి రాగిబుడ్డితో పనిలేదు, అచ్చుతో పనిలేదు, టోపీల డబ్బీతో పనిలేదు. ఏ అరకు ఆ అర అంత శ్రద్ధగా తీర్చిన పెట్టె అటకెక్కెను. అటకపైనుండి వేలముపాటకు, వేలమునుండి గాజుబీరువాకు చేరెను. నేడు దానిని కొనువారు పెట్టెలోని సామాను ఒక్కటైనను తప్పకుండ నున్నదా యని చూతురు. మూతపైని పేరుగలవాడు దానితో ఎవరిని కాల్చెనో, అసలు కాల్చెనో లేదో, పెట్టె చెప్పదు.

భారతకథలో మరియొక ఘట్టమును స్మరించి ముగింపవచ్చును. యుద్ధాంతమున అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రమును వదలెను. అర్జునుడును ప్రత్యస్త్రము వేసెను. లోకము దగ్ధమగునని మహర్షులు వచ్చి ఉపసంహరింపుమనగా అర్జునుడు మరల్చుకొనగలిగెను. అశ్వత్థామకు వదలుట తెలియును, మరల్చుట తెలియదు. మన పూర్వులు అస్త్రవిద్యను రెండు భాగములుగా చెప్పిరి: ప్రయోగము, ఉపసంహారము. మొదటిది మాత్రమే నేర్చినవానిని వీరుడని వారు అనలేదు. 22 ఏండ్ల వయస్సున బోమాంటు ప్రయోగమును సులభము చేసెను. నడివయస్సున తనకు తెలిసినంతలో రెండవ విద్యకు పూనుకొనెను. లోకము అతనిని ముగింపనీయలేదు. అయినను ఆ సుద్దరాతిలో మిగిలిన ఏడడుగుల బిలము, ఇత్తడిరేకు గల పెట్టెకంటె అతనికి తగిన స్మారకచిహ్నము.

గ్రంథాలయమునకు వచ్చు బాలురు యుద్ధకథలను ముందుగా అడుగుట సహజము, పెద్దలు వారించనక్కరలేదు. కత్తిని గూర్చియు తుపాకిని గూర్చియు చదువుకొనవచ్చును. చదివిన పిమ్మట ఉత్తరకుమారునివలె, ఇది ఎవరిది, ఎందులకు చేసిరి, చేసినవాడు ఇంకేమి చేయదలచెను, వానిని ఆపినవారెవరు అని అడుగుట నేర్చినచో చాలును. అడిగినవానికి సమాధానము వెదకుటకు బీరువాలో మరియొక పుస్తకముండును.